ముంపు ఊర్ల బొమ్మలు మళ్లీ ట్రంకు పెట్టెలోకి పోకూడదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్ జిల్లా పేజీలో ఒక చిన్న ఫోటో వేసినారు సార్, రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్ చిత్రకళా ప్రదర్శన అని, కింద రెండు లైన్లు. ఫోటోలో శాలువాలు కప్పుకున్నోళ్లు ఏడెనిమిది మంది ఉండారు, మాస్టర్ చివర్లో సగం కట్ అయిపోయినాడు, బొమ్మ అయితే ఒక్కటి కూడా లేదు. దాన్ని తప్పు పట్టాలని రాయడం లేదు, మీ రిపోర్టర్ వచ్చిన టైంకి స్టేజీ మీద జరుగుతుండేది అదే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. కానీ ఆ హాల్లో గోడల పొడుగునా ఉండింది ఏందో కర్నూలు వాళ్లకూ నంద్యాల జిల్లా వాళ్లకూ తెలియకపోతే ఎట్లా అని ఈ ఉత్తరం. నాది పాత ఊర్లో పటాలు కట్టే షాపు. ఆ బొమ్మలన్నిటికీ ఫ్రేములు కట్టింది నేనే, కాబట్టి ముందు వైపు ఎంత చూసినానో వెనక వైపు కూడా అంతే చూసినా.

అవి శ్రీశైలం డ్యాం కింద మునిగిపోయిన ఊర్ల బొమ్మలు.

మాస్టర్‌కు కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు ఆత్మకూరు దిక్కు ఒక హైస్కూల్లో పోస్టింగ్ వేసినారంట. 1963లో నెహ్రూ పునాది రాయి వేసిన ప్రాజెక్టు అప్పటికి డ్యాం పైకి లేచింది, ఈ ఊర్లు ఉండవు అని అందరికీ తెలుసు, కానీ ఎప్పుడు అనేది ఎవురికీ సరిగ్గా తెలీదు. ఆయన బ్రహ్మచారి, ఆదివారం వస్తే చేసేదానికి పని లేదు, కార్ట్రిడ్జ్ పేపరు, ఒక ఇండియన్ ఇంకు సీసా, వాటర్ కలర్ డబ్బా పెట్టుకొని సైకిల్ మీద నది దిక్కు పోయేవాడంట. గుళ్లూ గోపురాలూ వేసినాడేమో అనుకుంటారు మీరు. గుళ్లు చానా తక్కువ. మట్టిమిద్దెలు, మిద్దె మీద చౌడు మన్ను, గవాచిలో నుంచి ఇంట్లోకి పడే ఎండ, పడసాలలో గరిసెలు, గాడి దగ్గర కట్టేసిన ఎద్దు, పీర్ల చావిడి, రచ్చకట్ట మీద పండుకున్న ముసలోడు, బావి గిలక, గడపలు. గడపలు ఎన్ని వేసినాడో లెక్కే లేదు. ఎందుకు సార్ ఇన్ని గడపలు అని అడిగితే, ఒక్కో ఇంటోళ్లు ఒక్కో రకంగా పసుపు పూస్తారప్పా, నువ్వు చూడలేదా అన్నాడు. నిజమే, పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ ఒకటి లేవు.

1981లో ఊర్లు ఖాళీ చేయించినారు కదా. దగ్గర దగ్గర నూరు ఊర్లు, ఏటికి ఈ పక్క మా కర్నూలు, ఆ పక్క మహబూబ్‌నగర్. ఆ ఏడాదివి ఏడో ఎనిమిదో బొమ్మలు ఉండాయి, వాటిల్లో రంగులు లేవు, ఉత్త ఇంకే. జనాలు వాళ్ల ఇండ్లు వాళ్లే విప్పుకుంటుండారు, దూలాలు, దంతెలు, ద్వారబంధాలు బండ్లకు ఎత్తుతుండారు, ఎందుకంటే కొత్తగా ఇల్లు కట్టుకోవాలంటే కర్ర కొనేంత డబ్బు యాడిది. ఒక బొమ్మలో ఇల్లు మొత్తం పోయింది, పొయ్యి మటుకు ఉంది, ఒకామె ఆ పొయ్యి మీద ఏందో వండుతుండాది, చుట్టూ గోడ లేదు. నేను ఈ పనిలో చానా బొమ్మలు చూసినా సార్, దేవుళ్లు, పెండ్లి ఫోటోలు, చచ్చిపోయినోళ్ల ఫోటోలు, సీనరీలు, ఆ ఒక్క దానికి బీడింగ్ కొడుతూ కొడుతూ పని ఆపేసి బయటికి పోయి టీ తాగి వచ్చినా.

మరి ఇన్నేండ్లు ఎందుకు దాచిపెట్టినాడు అని అందరూ అడిగినారు, ప్రారంభోత్సవం రోజు మైకులో కూడా అడిగినారు, ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా షాపులో కూర్చున్నప్పుడు మటుకు చెప్పినాడు. ఆ టైంలో వాళ్ల ఇండ్లు పోతుంటే నేను పోయి ఆ ఇండ్ల బొమ్మలు గోడకు పెట్టి చప్పట్లు కొట్టించుకోవాల్నా అన్నాడు. తర్వాత ట్రాన్స్‌ఫర్లు, పెండ్లి, పిల్లోళ్లు, కూతురి పెండ్లి, ఇట్ల పోయింది. ఇస్కూల్లో పిల్లోళ్లకు మామిడి పిందె, కుండ, జాతీయ జెండా వేయడం నేర్పించినాడు, ఇంట్లో ట్రంకు పెట్టెలో ఇవి ఉండాయని పక్క టీచర్లకు కూడా చెప్పలేదు.

ఇంగ 2009 అక్టోబర్ 2 సంగతి కర్నూలోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారి ఊర్లోకి వచ్చినాయి. మాస్టర్ వాళ్ల ఇల్లు కూడా మునిగింది, వాళ్లు మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. బొమ్మల్లో సగం అటక మీద గుడ్డ మూటలో ఉండె, సగం మంచం కింద ట్రంకులో ఉండె. అటక మీదవి దక్కినాయి. ట్రంకులోవి బురదనీళ్లలో నానినాయి. చూడండి సార్, కృష్ణ ముంచిన ఊర్ల బొమ్మలను మళ్లీ తుంగభద్ర వచ్చి ముంచింది. ఇది నేను కల్పించి చెప్తే నమ్మరు మీరు.

అయినా అవి పూర్తిగా పోలేదు, దానికి కారణం ఆ ఇంకు. ఇండియన్ ఇంకులో ఉండేది మసి, దాంట్లో లక్క కలుస్తుంది, ఒకసారి ఆరిందంటే నీళ్లకు కరగదు. వాటర్ కలర్ అట్ల కాదు, అది బంక కలిపిన రంగు, ఎన్నేండ్లు అయినా తడిస్తే కదులుతుంది. అందుకే ట్రంకులో బొమ్మల్లో గీత గీతగానే ఉంది, రంగు మాత్రం కిందికి జారి ఒక మూలకు చేరింది. గడపకు వేసిన ఎర్ర రంగు కారిపోయి బావి మీద మరకైంది. పైన అంచు నుంచి ఇంత కిందికి అని గీత కొట్టినట్టు బురద జాడ ఉంది, అన్నిట్లోనూ ఒకే ఎత్తులో. హాల్లో చానా మంది దాన్ని చూసి, సార్ ఇది క్లీన్ చేయించకపోయినారా, ఫోటోషాప్‌లో తీసేయచ్చు కదా అన్నారు. నేను కూడా ముట్టుకోలేదు, ఎందుకంటే ఆ బురద కాగితం పీచులోకి దిగిపోయింది, గీకితే బురదతో పాటు కాగితం లేస్తుంది, దాంతో పాటు గీత పోతుంది. ఆ పని తెలిసినోళ్లు వేరే ఉంటారు, మ్యూజియాల్లో ఉంటారు, వాళ్లు చేయాల్సిన పని అది.

ఇప్పుడు బయటికి ఎందుకు తీసినాడంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఇల్లు అమ్మేసినారు, బెంగళూరులో కొడుకు ఫ్లాట్‌కు పోతుండారు. మాస్టర్ భార్య, అమ్మగారు ఒకటే మాట అన్నారంట, ఈ ట్రంకు అక్కడికి రాదు, పది మందికి చూపించి ఎవురికైనా ఇయ్యి, లేకపోతే ఇక్కడే పారేయి అని. ఆయన ఆటోలో ట్రంకు వేసుకొని నా షాపుకు వచ్చినాడు. ఏమప్పా, వీటికి చవకలో లామినేషన్ ఏమన్నా చేస్తావా అన్నాడు.

ఇక్కడ ఒక మాట పేపర్ చదివే అందరికీ చెప్పాల. పాత కాగితం ఏదైనా సరే, మీ తాత రాసిన ఉత్తరమైనా, పాత ఫోటో అయినా, లామినేషన్ మాత్రం చేయించొద్దు. వేడికి ప్లాస్టిక్ కరిగి కాగితానికి పట్టుకుంటుంది, రేపు ఏమన్నా అయితే విప్పే దారే ఉండదు, లోపల తేమ ఉంటే లోపలే బూజు పడుతుంది. ఊర్లో సగం మంది భూమి పత్రాలకు కూడా చేయించి కూర్చున్నారు. అట్లనే న్యూస్ పేపర్లో చుట్టి పెట్టొద్దు (మీ పేపర్ కూడా అంతే సార్, ఏమనుకోవద్దు), న్యూస్ ప్రింట్‌లో యాసిడ్ ఉంటుంది, పక్కన పెట్టిన మంచి కాగితాన్ని కూడా పసుపు చేస్తుంది. మాస్టర్ బొమ్మల్లో కొన్నిటికి వెనక పాత క్యాలెండర్ అట్టలు మైదాపిండితో అంటించి ఉండె, ఆ మైదా కోసం పురుగులు వచ్చి కాగితాన్ని కూడా తిన్నాయి. నేను చేసింది ఏందంటే, ముందర మౌంట్ బోర్డు కట్ చేసి పెట్టినా, దాని వల్ల గ్లాసు కాగితానికి ఆనదు, చెమ్మ వచ్చినా కాగితం గ్లాసుకు అతుక్కోదు. సన్న బీడింగ్ వేసినా. డబ్బుల సంగతి మాకూ మాకూ తెలుసు, దాని గురించి వదిలేయండి.

హాలు కోసం తిరగడం ఇంకో కథ. ఫంక్షన్ హాలు వాళ్లు గోడకు మేకు కొట్టనియ్యరు, ఆడిటోరియంలో కుర్చీలు ఉంటాయి గానీ పటం తగిలించే గోడ ఉండదు. చివరికి ఒక స్కూలు వాళ్లు మేడ మీద హాలు ఇచ్చినారు, అక్కడా మేకులు వద్దన్నారు. టెంట్ హౌస్ నుంచి పైపులు తెచ్చి, తెల్ల గుడ్డ కట్టి, బైండింగ్ వైరుతో పటాలు వేలాడదీసినాం. ఫ్యాన్ వేస్తే పటాలన్నీ ఊగుతుండె, ఫ్యాన్ ఆపితే మనుషులు ఉడికిపోతుండారు. ట్యూబ్‌లైట్ గ్లాసులో పడి బొమ్మ బదులు మన మొహం కనబడుతుండె, అవి కూడా జరిపించినాం. మూడు రోజులే హాలు, శుక్ర శని ఆదివారం.

శుక్రవారం పొద్దున అంతా ఉపన్యాసాలు. కళ అంటే ఏమి, రాయలసీమ గొప్పతనం, కొండారెడ్డి బురుజు, 1953లో రాజధాని, అన్నీ వచ్చినాయి, గోడ మీద ఉండేది తప్ప. సాయంత్రానికి పది మంది కాలేజీ పిల్లలు వచ్చినారు, వాళ్లు నయం, ఏ నిబ్బు వాడినారు సార్, ఈ షేడ్ ఎట్ల వేసినారు అని దగ్గరికి పోయి అడిగినారు. శనివారం ఇట్లే పల్చగా పోయింది.

ఆదివారం వచ్చినోళ్లు వేరే. ఎవురో ఫోన్లో ఫోటోలు తీసి పంపించినారంట, ఆత్మకూరు దిక్కు నుంచి, నందికొట్కూరు దిక్కు నుంచి ముంపు ఊర్లోళ్లు వచ్చినారు, తుఫాన్ వ్యాన్లో కొంతమంది, బస్సులో కొంతమంది. అందరూ ముసలోళ్లే, వాళ్లను పట్టుకొని మనవళ్లు. ఒక పెద్దామె లోపలికి రావడం రావడం చెప్పులు బయట విడిచింది, వద్దమ్మా ఏసుకో అంటే వినలేదు. మూడో పటం దగ్గర నిలబడి, ఇది మా మేనత్తోళ్ల గడప అనింది. ఎట్ల చెప్తావు అవ్వా అంటే, ఈ పక్క రాయి పగిలి ఉంది కదా, మా చిన్నాయన పొట్టేలును కట్టేసి లాగితే పగిలింది అని చెప్పింది. మాస్టర్‌కు ఆ సంగతి తెలీదు. ఆయనకు కనబడింది గీసినాడు, అంతే. ఆ పగులు నిజమని ఇన్నేండ్లకు తెలిసింది ఆయనకు.

దాని తర్వాత హాలు సంత అయిపోయింది. ఇద్దరు పెద్దమనుషులు ఒక బావి దగ్గర కొట్లాటకు దిగినారు, ఇది తాగునీళ్ల బావి అని ఒకాయన, కాదు అది మాలపల్లె బావి అని ఇంకొకాయన, ఒకాయన చొక్కా ఒకాయన పట్టుకునేదాకా పోయింది, మధ్యలో మూడో ఆయన వచ్చి మీ ఇద్దురికీ తెలీదు, ఆ చెట్టు చూడండి చింతచెట్టు, చింతచెట్టు ఉండేది ఏ బావి దగ్గర అన్నాడు, ఇద్దురూ సైలెంట్. ఇంకొకాయన తన కొడుక్కు 98 జీవో (శ్రీశైలం ముంపు కుటుంబాలకు ఉద్యోగాలు ఇయ్యమనే సర్కారు ఆర్డరు) కింద ఉద్యోగం రాలేదని, 1986 నుంచి ఆ జీవో చేతిలో పట్టుకొని ఎన్ని ఆఫీసులు తిరిగినాడో పటాలకు చెప్పినట్టు చెప్పుకుంటూ పోయినాడు. ఒకామె వచ్చి నిలదీసింది, మా వీధి ఎందుకు వేయలేదు నువ్వు, పై వీధి వేసినావు, కింది వీధి వేసినావు, మాది యాడ అని. మాస్టర్ అంత పెద్దాయన చేతులు కట్టుకొని, ఆ ఆదివారం వాన పడిందమ్మా, రాలేకపోయినా అన్నాడు. వేరే ఒకతను తన ఇంటి బొమ్మకు ఎంతైనా ఇస్తానన్నాడు, హైదరాబాద్‌లో సెటిల్ అయినాడంట. నేను బొమ్మలు అమ్మేది లేదు అన్నాడు మాస్టర్. అతను ఏడ్చేసరికి మళ్లీ ఆలోచనలో పడినాడు గానీ అమ్మలేదు, ఫోటో తీసుకో నాయనా అన్నాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది. ఆ బొమ్మలకు పేర్లు లేవు సార్. మూలకు నెల, సంవత్సరం, కొన్నిటికి ఊరి పేరు, అంతే. మాస్టర్‌కు కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఆదివారం వాళ్లు చెప్పేకొద్దీ నేను పెన్సిల్ తీసుకొని పటం వెనక అట్ట మీద రాసుకుంటూ పోయినా, ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఏ వీధి, చెప్పింది ఎవరు. (పెన్నుతో కాదు, పెన్ను ఇంకు దిగుతుంది.) సాయంత్రం ఐదింటికి హాలు ఖాళీ చేయమన్నారు, మనుషులు ఇంకా లైన్లో ఉండారు. మూడో వంతు బొమ్మలకు కూడా పేర్లు పడలేదు. 1981లో పాతికేండ్లు ఉండినోళ్లకు ఇప్పుడు డెబ్భై దగ్గర. అప్పటికి పెద్దోళ్లు అయినోళ్లు ఎంతమంది మిగిలినారో మీరే లెక్క వేసుకోండి. బెంగళూరులో గొప్ప గ్యాలరీలో పెట్టినా, ఢిల్లీలో పెట్టినా మంచిదే, కానీ అక్కడ ఆ పగిలిన రాయి గురించి చెప్పేవాళ్లు ఎవరుంటారు? ముందు అవి ఆత్మకూరు, నందికొట్కూరు, కొత్తపల్లి, పగిడ్యాల దిక్కు పోవాల. హాలు కూడా అక్కర్లేదు, హైస్కూలు వరండా చాలు, నాలుగు బెంచీలు, ఒక నోటుబుక్కు, చేతిరాత బాగుండే టీచరు ఒకరు.

ఈ మాట ఒక ఆఫీసులో అడిగితే, ఆ మండలాలు ఇప్పుడు నంద్యాల జిల్లా కదా, అక్కడ అడగండి అన్నారు. అక్కడ అడిగితే, ఆర్టిస్టు మీ జిల్లా కదా, ప్రదర్శన మీ జిల్లాలో పెట్టినారు కదా అన్నారు. 2022లో జిల్లాలు విడిపోయినాయి, ఊర్లు 1981లో పోయినాయి, ఇవి ఏ జిల్లా కిందికి వస్తాయో నాకైతే అర్థం కాలేదు.

కొంతమంది, పోయిన ఏడుపు మళ్లీ ఎందుకు తోడటం, ఆ డ్యాం వల్లే కదా కరెంటు, పోతిరెడ్డిపాడు నుంచి పోయే నీళ్లు కదా సీమ పొలాలకు, చెన్నైకి కూడా అన్నారు. కాదన్నదెవరు. ఆదివారం వచ్చినోళ్లలో ఒక్కరు కూడా డ్యాం తప్పు అనలేదు. వాళ్లు మా ఇల్లు ఇది అని చూసుకోవడానికి వచ్చినారు. గుళ్ల విషయంలో మనం అట్ల అనుకోలేదే! కూడవెల్లి సంగమేశ్వరాలయం మునుగుతుందని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టినారు, మంచి పని. ఇక్కడ సప్తనదుల సంగమేశ్వరం ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలం డ్యాం తగ్గితే బయటపడుతుంది, వేపదారు లింగాన్ని (వేప కర్ర లింగం) చూడటానికి జనం ఎగబడి పోతారు. రాతి గుడి కాబట్టి మళ్లీ బయటికి వస్తుంది. మట్టిమిద్దె అట్ల రాదు, అది కరిగి ఒండ్రులో కలిసిపోయింది, ఎండాకాలం పోయి చూస్తే బండలు తప్ప ఏమీ కనబడవు. ఆ ఇండ్లు ఎట్ల ఉండె అనేదానికి మాస్టర్ కాగితాలు ఉండాయి, ఆ ముసలోళ్ల నోటి మాట ఉంది, ఇంకొకటి నాకు తెలిసి లేదు.

చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో ఇరవై ఎనిమిదేండ్లు కూడా నిండకుండానే పోతే, ఆయన బొమ్మలు చెదిరిపోకుండా రాజమండ్రిలో ఒక గ్యాలరీ పెట్టుకున్నారు, ఈరోజుకీ అక్కడ పోయి చూడచ్చు. అంత పెద్దాయనతో మా మాస్టర్‌ను పోల్చడం లేదు, ఆయనే ఒప్పుకోడు. కానీ ఒక ఊర్లో అట్లాంటి పని జరిగింది అంటే ఇంకో ఊర్లో కూడా జరగచ్చు కదా. ఏ మ్యూజియం వాళ్లైనా, యూనివర్సిటీ వాళ్లైనా ముందుకు వస్తే మాస్టర్ ఉత్తగా ఇవ్వడానికి రెడీగా ఉండాడు. ఆయన అడిగేది రెండే, అన్నీ ఒక్కచోట ఉండాల, ముంపు ఊర్లోళ్లు ఎప్పుడు వచ్చి అడిగినా చూపించాల. దానికి ముందు ఎవరైనా స్కాన్ చేసిపెడితే ఇంకా మంచిది, ఫ్లాష్ కొట్టి ఫోన్లో తీసే ఫోటోలు పనికిరావు.

ఇంకో సంగతి, ఆదివారం ఒక ప్రింటింగ్ అతను వచ్చి ఈ బొమ్మలు కొత్త సంవత్సరం క్యాలెండర్‌కు వేస్తా, ఫ్లెక్సీలు కొడతా అని అప్పుడే ఫోటోలు తీయడం మొదలుపెట్టినాడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు వేసిన ఆయనది, ఆయన తర్వాత ఇంకా అరవై ఏండ్లు వారసులది, బొమ్మ కొనుక్కున్నా సరే మనకు అచ్చు వేసుకునే హక్కు రాదు, రాసి ఇస్తే తప్ప. నా దగ్గరికి వచ్చే వకీలు సాబ్ చెప్పినాడు ఇది. వేసుకోవాలంటే మాస్టర్‌ను అడిగి వేసుకోండి, ఎవురి ఇల్లో కూడా కింద రాయండి.

ప్రస్తుతానికి పటాలు నా షాపు వెనక గదిలో ఉండాయి, చెదలు ఎక్కకుండా కర్ర బల్లల మీద, గోడకు ఆనకుండా నిలబెట్టి, మూలకు కలరా ఉండలు వేసి. మాస్టర్ సంక్రాంతి తర్వాత బెంగళూరు పోతుండారు. అప్పటి దాకా రోజూ సాయంత్రం షాపులోనే కూర్చుంటారు. మీ ఉత్తరాల పేజీలో ఇది వేస్తే, ముంపు ఊర్లోళ్లు ఎవరు చదివినా వాళ్ల ఇంట్లో పెద్దోళ్లను తీసుకొని రమ్మని చెప్పండి, పెన్సిల్ నా దగ్గర ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తాను, అది తప్ప పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
పటాలు కట్టే షాపు ఆయన,
పాత ఊరు, కర్నూలు